పెట్టె సర్దే ముందు: అత్తగారితో బ్యాంకాక్‌లో ఒక్కరోజు

ప్రశ్న: వచ్చే నెల మావారు, నేను, మా అత్తగారు థాయ్‌లాండ్ వెళ్తున్నాం. పట్టాయా అంతా ప్యాకేజీలోనే అయిపోతుంది. చివరి రోజు మాత్రం బ్యాంకాక్‌లో ఖాళీ. రాత్రి 11 గంటలకు విమానం. అత్తగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. నాకేమో వీధులు తిరగాలని, బండి దగ్గర నిలబడి తినాలని ఉంది. గ్రాండ్ ప్యాలెస్, ఫ్లోటింగ్ మార్కెట్, షాపింగ్ మాల్ మూడూ ఆ ఒక్కరోజులోనే చూపిస్తానని ఏజెంటు అంటున్నాడు. కుదురుతుందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కుదురుతుందమ్మా, వ్యాను కిటికీలోంచి. అందరూ చెప్పే ఆ ఫ్లోటింగ్ మార్కెట్ ఊరికి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. పోను రాను సగం రోజు దానికే సరి. మావారి ఉద్యోగం వల్ల మేం ఆరేళ్లు అక్కడే ఉన్నాం. చుట్టాలు దిగినప్పుడల్లా మూడేసి చోట్లు చూపించి అందరి కాళ్లూ వాచేలా చేసిన పాపం నాకూ ఉంది. తర్వాత బుద్ధి తెచ్చుకుని నది ఒడ్డు వదలకుండా తిప్పడం మొదలుపెట్టాను. మీకూ అదే చెబుతాను.

సామాను హోటల్లో వదిలేసి, పొద్దున్న ఎనిమిదికల్లా మెట్రోలో సనామ్ ఛాయ్ స్టేషన్‌లో దిగండి. బ్లూ లైన్. స్టేషన్ లోపలే రాజదర్బారులా ఉంటుంది. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే వాట్ ఫో గుడి. పడుకున్న బుద్ధుడి విగ్రహం పొడవు 46 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. అందరూ ముఖం దగ్గర ఫోటోలకు ఎగబడతారు. మీరు పాదాల దగ్గరికి వెళ్లండి. నల్లటి అరికాళ్ల మీద ముత్యపుచిప్పతో 108 శుభచిహ్నాలు పొదిగారు. వెనకవైపు గోడ పొడవునా 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి. 20 బాత్‌లు పెడితే చిల్లర నాణేల గిన్నె ఇస్తారు. ఒక్కో గిన్నెలో ఒక్కో నాణెం వేసుకుంటూ పోవాలి. మా అత్తగారు అష్టోత్తరం చదువుతూ వేశారు. చివర్లో మూడు నామాలు మిగిలాయి గానీ నాణేలు అయిపోయాయి. నా పర్సులో వెతికి ఇచ్చేదాకా ఆవిడ ఆ గిన్నె ముందు నుంచి కదల్లేదు. టికెట్ ఇప్పుడు 300 బాత్‌లు. బాత్‌ను రెండున్నర, మూడు రూపాయల మధ్య లెక్కేసుకోండి. ఆవరణలోనే మసాజ్ ఉంది. థాయ్ మసాజ్ నేర్పే పేరున్న బడి ఆ గుడిదే. మీరు గుడంతా తిరిగేలోగా అత్తగారిని పాదాల మసాజ్‌కు కూర్చోబెట్టండి. మోకాళ్ల సంగతి ముందే చెప్పండి, గట్టిగా నొక్కరు.

గ్రాండ్ ప్యాలెస్ వదిలేయమంటే మీకు మనసొప్పదని తెలుసు. 500 బాత్‌లు, విపరీతమైన జనం, నీడ తక్కువ. ఒకటే ఆశ: అక్కడి మరకత బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం ఉంది. వాళ్లు రామకియెన్ అంటారు. రావణుడు తోసకన్, అంటే మన దశకంఠుడే. అత్తగారికి ముందే ఓ మాట చెప్పి తీసుకెళ్లండి. వాళ్ల హనుమంతుడు బ్రహ్మచారి కాడు. వారధి కడుతుంటే రావణుడి కూతురు, చేపకన్య సువన్నమచ్ఛ అడ్డుపడితే ఆమెతోనే ప్రేమలో పడతాడు. ఇది విన్న మా అత్తగారు రెండు రోజులు గైడు మొహం చూడలేదు. వెళ్లేటట్టయితే ఎనిమిదిన్నరకు తెరవగానే అక్కడికే వెళ్లండి, వాట్ ఫో తర్వాత చూడొచ్చు.

దారిలో ఎవరైనా మర్యాదగా దగ్గరికొచ్చి, "ఇవాళ ప్యాలెస్ మూసేశారు, పూజలున్నాయి, 20 బాత్‌లకు టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తా" అంటే నవ్వి ముందుకు నడవండి. వెళ్లిన కొత్తలో నేను ఎక్కాను. ఒక చిన్న గుడి, తర్వాత ఒక రత్నాల దుకాణం. ఏసీ, కూల్‌డ్రింకు, "ఇవాళే చివరి రోజు" అనే టెన్షన్. రెండు వేల బాత్‌లు పెట్టి నీలం రాయి కొన్నాను. విజయవాడలో మా కంసాలి దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "గాజు బాగుందమ్మా" అన్నాడు.

వాట్ ఫో వెనకే రేవు. 5 బాత్‌లకు పడవ నది దాటిస్తుంది. అవతల వాట్ అరుణ్. పేరు మన అరుణుడిదే. దూరం నుంచి తెల్లగా కనిపించే గోపురం, దగ్గరికెళితే చైనా పింగాణీ ముక్కలతో అతికిన పువ్వులు. కొన్ని పువ్వుల మధ్యలో సాసర్లే బోర్లించినట్టుంటాయి. మెట్లు నిటారుగా ఉంటాయి. అత్తగారు కింద చెట్టు నీడన కూర్చుంటారు, మీరిద్దరూ ఎక్కి రండి.

ఇవతలికి వచ్చాక పాక్ ఖ్లోంగ్ పూల మార్కెట్. నాకు ఊరంతటిలోకీ ఇష్టమైన చోటు ఇది. మల్లెమొగ్గలు ఐసు ముక్కల మధ్య సంచుల్లో పోసి ఉంటాయి. ఒకావిడ తామరమొగ్గ చేతిలోకి తీసుకుని, ఒక్కో రేకునీ లోపలికి మడిచి విచ్చిన పువ్వులా చేసేస్తుంది. మీతో మాట్లాడుతూనే ఉంటుంది, వేళ్లు ఆగవు. మల్లెలూ గులాబీలూ గుచ్చిన దండను 'ఫువాంగ్ మలై' అంటారు. మలై అంటే మన మాలే. అది దేవుడికి. మొదటిసారి నేను కొని అక్కడే జడలో తురుముకుంటే దుకాణంలో నలుగురూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

మధ్యాహ్నం ఒక్క స్టేషన్ అవతల సామ్ యోత్‌లో దిగితే ఫహురత్, అక్కడి మనవాళ్ల పేట. బంగారు గుమ్మటంతో గురుద్వారా కనిపిస్తుంది. ఆ సందుల్లో శాకాహార భోజనం దొరుకుతుంది, అత్తగారికి రోటీ, పప్పుతో గండం గడిచినట్టే. పక్కనే సాంపెంగ్ సందు. బేగంబజార్‌ను రెండు చేతులు చాపినంత వెడల్పుకు కుదించి ఊహించుకోండి. మధ్యలోంచి తోపుడుబళ్లు, మోటారుసైకిళ్లు. క్లిప్పులు, లేసులు, పూసలు, కీచైన్లు. అంతా హోల్‌సేల్ లెక్క: ఒకటి కొంటే ఒక ధర, మూడు కొంటే ఇంకోటి, డజను కొంటే మరోటి. ఆఫీసులో పంచేవన్నీ ఇక్కడే కొనేయండి. సాయంత్రం ఐదుకల్లా సర్దేస్తారు.

ఆపైన యావరాత్, చైనాటౌన్. వాట్ మంగ్‌కోన్ స్టేషన్ దగ్గర. చీకటి పడుతుండగా బళ్లు దిగుతాయి. సోమవారం మాత్రం చాలా బళ్లు పెట్టరు, చూసుకోండి.

ఇప్పుడు తిండి. కూరగాయల వంటే కదా అని నమ్మకండి, చేపల రసంతో చేసిన 'నామ్ ప్లా' మన ఉప్పులాగా అన్నిట్లో పడుతుంది. మీరు వెతకాల్సింది పసుపు జెండా మీద ఎర్ర అక్షరం. మన కంటికి 17 అంకెలా ఉంటుంది. దాన్ని 'జే' అంటారు. మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మీ అత్తగారి కోసమే పెట్టినట్టు లేదూ! మన దసరా రోజుల అటూ ఇటూగా తొమ్మిది రోజుల జే పండుగ వస్తుంది, అప్పుడైతే వీధంతా పసుపు జెండాలే.

ఖనోమ్ ఖ్రోక్ బండి కనిపిస్తే ఆగండి. అచ్చం మన గుంట పొంగణాల పెనం. బియ్యప్పిండి, కొబ్బరిపాలు పోసి, మూత పెట్టి, చెంచాతో లేపి రెండేసి ముద్దలు జోడిస్తారు. అంచు కరకర, లోపల పాయసంలా జారుడు. కొన్నిటి మీద ఉల్లికాడ చల్లుతారు, మొక్కజొన్న వేసినవి అడగండి. మామిడిపండు, జిగురన్నం ఎలాగూ తింటారు. పైన పోసే కొబ్బరిపాలల్లో ఉప్పుంటుంది, వేయించిన పెసరపప్పు చల్లుతారు. మావారు దాన్ని "మామిడిపండు దద్ధోజనం" అనేవారు. సేమ్యాలాగా మెరిసే బంగారు పోగుల మిఠాయి మాత్రం అత్తగారికి పెట్టొద్దు. అది పాకంలో వేసిన గుడ్డు సొన. మీరైతే సోమ్ తమ్ అనే పచ్చి బొప్పాయి సలాడ్ రోట్లో దంచుతుంటే చూసి మరీ తినండి. అత్తగారికి వద్దు. "ఎండు రొయ్యలు వద్దు" అని చెప్పినా రోలు కడగరుగా.

ఏడు దాటనివ్వకుండా హోటల్లో సామాను తీసుకుని బయల్దేరండి, సాయంత్రం ట్రాఫిక్ దారుణం. మీటరు టాక్సీ 35 బాత్‌లతో మొదలవుతుంది, హైవే టోలు మీదే. ఇమిగ్రేషన్ దాటాక సువర్ణభూమి విమానాశ్రయంలో క్షీరసాగర మథనం శిల్పం ఉంది, అత్తగారికి అక్కడ ఫోటో తియ్యండి. ఇంకోటి, వెళ్లే ముందు ఆన్‌లైన్లో నింపే అరైవల్ కార్డు ఉచితం. ఏజెంటు దానికి డబ్బులడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: బ్యాంకాక్ చతుచక్ మార్కెట్లో సగం ధరకు బేరం ఆడాలంటారు. నిజమా?
- ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: సగానికి అడిగితే నవ్వి మొహం తిప్పుకుంటారు బాబూ. పదిహేను వేలకు పైగా దుకాణాలున్నాయి, శని, ఆదివారాల్లో వెళ్లు. "లోత్ దాయ్ మై ఖ్రాప్?" అను, అంటే "తగ్గిస్తారా అండీ?" ఆ ఖ్రాప్ మన 'అండీ'. మగవాళ్లు ఖ్రాప్ అంటారు, ఆడవాళ్లు ఖా అంటారు. అది లేకుండా అడిగితే ఏ ధరా దిగదు. ఏనుగు బొమ్మల ప్యాంట్లు మూడు తీసుకుంటే తప్పకుండా తగ్గిస్తారు. నచ్చింది కనిపిస్తే అప్పుడే కొను. తిరిగొచ్చి కొందామంటే ఆ దుకాణం మళ్లీ కనపడదు. మా తమ్ముడు ఒక దీపం కోసం రెండు ఆదివారాలు వెతికాడు.

ప్రశ్న: కొత్తింటి హాల్లోకి పెద్ద బుద్ధుడి తల తెచ్చుకోవచ్చా?
- ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. బుద్ధ విగ్రహాలు దేశం దాటించాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. పైగా తల ఒక్కటే తెచ్చి అలంకారానికి పెట్టడం వాళ్లకు బాధ కలిగించే పని. దానికి బదులు కొబ్బరిచిప్ప గరిటెలు తెచ్చుకోండి. నాది పదేళ్లుగా పులుసులోనే ఉంది, పిడి ఊడలేదు.