ఆక్యుపేషనల్ థెరపీ: చేరే ముందు ఏం చూడాలి, చేరాక ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసై బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ)లో చేరతానంటోంది. ఒక కాలేజీవాళ్లు ‘మాకు ఆర్‌సీఐ గుర్తింపు ఉంది, అది చాలు’ అంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆ ఒక్క మాట మీద ఫీజు కట్టకండమ్మా. ఆర్‌సీఐ అంటే భారత పునరావాస మండలి, 1992 చట్టం కింద పనిచేసే సంస్థ. ప్రత్యేక విద్య (దివ్యాంగ పిల్లల చదువు) టీచర్లు, ఆడియాలజిస్టుల (వినికిడి నిపుణుల) వంటివారు దాని రిజిస్టరులో ఉంటారు. జబ్బు వల్లో వైకల్యం వల్లో రోజువారీ పనులు చేసుకోలేనివారికి వాటిని నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఉండరు. అదే ప్రాంగణంలో నడిచే ప్రత్యేక విద్య బీఈడీకి ఆ గుర్తింపు ఉండొచ్చు. అది మీ అమ్మాయి డిగ్రీకి అక్కరకు రాదు.

ఈ వృత్తి 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి వస్తుంది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులనిపించుకోవాలంటే చదువు కనీసం 3,600 గంటలు, 3 నుంచి 6 ఏళ్ల మధ్య సాగాలని అందులో ఉంది. ఏడాది డిప్లొమా చూపించి ‘ఇదీ థెరపీ కోర్సే’ అనేవాళ్లతో ఈ అంకె చెప్పండి.

కాలేజీలో అడగాల్సిన మొదటి కాగితం యూనివర్సిటీ అఫిలియేషన్ (అనుబంధ గుర్తింపు) ఉత్తర్వు. అందులో కోర్సు పేరు, సీట్ల సంఖ్య, విద్యాసంవత్సరం మూడూ వేలు పెట్టి చదవండి. చాలామంది మోసపోయేది ఇక్కడే: ఫిజియోథెరపీ ఉత్తర్వునో, గడువు తీరినదాన్నో చూపిస్తారు. తర్వాత క్లినికల్ పోస్టింగులు (రోగుల దగ్గర చేసే శిక్షణ) ఏ ఆసుపత్రిలోనో, ఎన్ని గంటలో రాసిమ్మనండి. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య కనీసం 1,000 గంటలు అడుగుతుంది. విదేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే ఆ సమాఖ్య ఆమోదించిన కోర్సుల జాబితాలో కాలేజీ పేరు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. చదువు పూర్తయ్యాక చూసి ప్రయోజనం లేదు.

కటక్ దగ్గరి ఓలత్‌పూర్‌లో, కోల్‌కతాలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థల్లోనూ బీఓటీ ఉంది. ఆ నోటిఫికేషన్లూ గమనించండి.

ప్రశ్న: మా జిల్లా ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టు లేరు. పోస్టు కావాలని ఎవరిని, ఎలా అడగాలి?
– బీఓటీ విద్యార్థులు, కర్నూలు

జవాబు: ముందు పేరుతోనే చిక్కు. ‘ఆక్యుపేషనల్’ అనగానే అధికారులు ఉపాధి శిక్షణ అనుకుని అర్జీని వేరే శాఖకు పంపేస్తారు. అందుకే మొదటి పేరాలో నిర్వచనం వద్దు, పని చూపించండి. పక్షవాతం వచ్చినాయన చొక్కా వేసుకునేటప్పుడు పడిపోయిన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు బాగున్న చేతిని ముందు తీయాలి. పిడికిలి సరిగా బిగుసుకోకపోతే చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేయాలి. ఇలా తన పని తాను చేసుకునేలా నేర్పేది ఈ థెరపిస్టే అని రాయండి. ఈ రెండు వాక్యాలతో చదివే అధికారికి విషయం అర్థమవుతుంది.

అర్జీకి ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. ‘మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, సంబంధిత జీవో నకలు ఇవ్వండి’ అని అడగండి. ‘ఎందుకు నింపలేదు?’ అని అడిగితే, అది రికార్డులో ఉన్న సమాచారం కాదని తిప్పి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. ఆ గడువు దాటనివ్వకండి.

జవాబులో పోస్టు మంజూరై ఖాళీగా ఉందని తేలితే భర్తీ కోరండి. మంజూరే కాలేదంటే దారి వేరు. కొత్త పోస్టు కలెక్టరు చేతిలో ఉండదు, వైద్య ఆరోగ్య శాఖ ప్రతిపాదనకు ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. సోమవారం అర్జీల రోజున కలెక్టరేట్‌లో ఇచ్చినా, నకలు వైద్య ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శికీ మీ ఎమ్మెల్యేకూ స్పీడ్ పోస్టులో పంపండి. అర్హత ‘బీఓటీ’ అని ఉండాలని స్పష్టంగా కోరండి. అది రాయకపోతే పోస్టు వచ్చినా ఫిజియోథెరపిస్టు పేరుతో నోటిఫికేషన్ పడే ప్రమాదం ఉంది.

అర్జీలో ఈ వృత్తుల రాష్ట్ర కౌన్సిల్ మాటా ఎత్తండి. 2021 చట్టం ప్రతి రాష్ట్రంలోనూ కౌన్సిల్ ఏర్పాటు చేయాలంటోంది. అమలులో జాప్యాన్ని చూసి సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో రెండు నెలల గడువు పెట్టింది. ఈ సంగతి ఒక్క వాక్యంలో ఉటంకిస్తే అర్జీకి బలం వస్తుంది.

ప్రశ్న: ఫస్టియర్ వాళ్లం సంతకం పెట్టొచ్చా?
– అదే బృందం

జవాబు: తప్పకుండా. పేరు కింద ‘విద్యార్థి’ అనే రాయండి, ‘థెరపిస్టు’ అని వద్దు. కాలేజీ లెటర్‌హెడ్ వాడకండి. రసీదు నంబరు చేతికి వచ్చాకే కౌంటరు దగ్గర్నుంచి కదలండి.