గాజు తొడిగినట్టు ఎక్కించాలి

ప్రశ్న: మా ల్యాబ్‌లో కొత్తగా వైర్ మయోగ్రాఫ్ (రక్తనాళం ముక్కను రెండు సన్నటి తీగల మీద ఎక్కించి, అది ఎంత బలంగా బిగుసుకుంటుందో కొలిచే మిషన్) అమర్చి శిక్షణ ఇచ్చారు. ఎలుక మెసెంటెరిక్ ధమని (పేగులకు రక్తం తీసుకెళ్లేది) ముక్క పొటాషియం క్లోరైడ్‌కు బాగానే బిగుసుకుంటోంది. ధమనిని బిగించే మందు ఫినైలెఫ్రిన్‌తో బిగించాక ఎసిటైల్‌కోలిన్ వేస్తే మాత్రం వదులవడం లేదు. మిషన్‌లో లోపమా?
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మిషన్‌ను అనుమానించకండి. పొటాషియంకు బిగుసుకుందంటే ధమని గోడలోని కండరం బతికే ఉంది, బలాన్ని కొలిచే సెన్సర్ (ట్రాన్స్‌డ్యూసర్) కూడా పనిచేస్తోంది. దెబ్బతిన్నది లోపలి పొర, ఎండోథీలియం. ఎసిటైల్‌కోలిన్ ఆ పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేయించి ధమనిని వదులు చేస్తుంది. పొరే లేకపోతే ఎవరు విడుదల చేస్తారు? నిర్ధారణకు సోడియం నైట్రోప్రుసైడ్ వేసి చూడండి. అది తనే నైట్రిక్ ఆక్సైడ్ ఇస్తుంది, ఎండోథీలియంతో పనిలేదు. దానికి వదులైతే తప్పు పొరదే.

పొర ఎక్కువగా పోయేది తీగ ఎక్కించేటప్పుడే. 40 మైక్రాన్ల తీగ కొన ఏమాత్రం వంగినా, గరుకుగా ఉన్నా లోపలి గోడను గీకేస్తుంది. ప్రతిసారీ కొత్త తీగ కత్తిరించి, కొనను మైక్రోస్కోప్ కింద చూడండి. 2 మిల్లీమీటర్ల ముక్కను అంచు దగ్గర మాత్రమే ఫోర్సెప్స్‌తో పట్టుకుని, చేతికి గాజు తొడిగినట్టు తీగ మీదికి లాగండి. తీగను లోపలికి పొడవకండి. రెండో తీగ ఒక్కసారిలో జారిపోవాలి. ముందుకీ వెనక్కీ ఆడించారా, ఆ ముక్క పనికిరాదు.

ఇంకొకటి, కాలిబ్రేషన్, అంటే మిషన్ చూపే బలం సరైనదో కాదో సరిచూసుకోవడం. ముక్క ఉండే ఛాంబర్ 37 డిగ్రీలకు చేరి నిలకడయ్యాకే చేయండి. చల్లగా ఉన్నప్పుడు చేస్తే వేడెక్కేకొద్దీ రీడింగ్ పక్కకు జరుగుతుంది, ధమనిని ఎంత సాగదీయాలో తేల్చే నార్మలైజేషన్ లెక్క తప్పి ధమనిని అతిగా సాగదీస్తారు. దానికీ పొర చెడుతుంది.