అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) కలవకపోతే కంగారు పడకు

బిడ్డా,

కామర్స్, ఎకనామిక్స్ పాఠాలు బాగానే ఎక్కుతున్నాయి గానీ లెక్కల దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోతోందట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో లెక్కలు రాస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. టెన్షన్ పెట్టుకోకు.

గైడులో చేసిపెట్టిన లెక్క చదివి అర్థమైందనుకోవద్దు. జవాబు మీద నోటుబుక్కు కప్పి, నువ్వు చేశాకే తీసి చూడు.

చిట్టా పద్దు (జర్నల్ ఎంట్రీ) రాయమనగానే డెబిట్, క్రెడిట్ సూత్రాల వెంట పడకు. ఏమొచ్చింది, ఏం పోయింది, ఎవరికి బాకీ పడ్డాం, అది ముందు తేల్చుకో. నల్లగొండ ప్రకాశం బజార్‌లో ఒక కిరాణం ఉందనుకో. హోల్‌సేల్ వ్యాపారి దగ్గర 40,000 రూపాయల సరుకు 10 శాతం వర్తకపు డిస్కౌంటుతో అరువుకు తెచ్చారు. ఆ 40,000 పద్దులో ఎక్కడా కనబడకూడదు. వర్తకపు డిస్కౌంటు బిల్లులోనే తీసేస్తారు, పుస్తకాల్లోకి రాదు. కొనుగోళ్ల ఖాతా 36,000 డెబిట్, వ్యాపారి ఖాతా 36,000 క్రెడిట్. కొన్నాళ్లకు పూర్తి పరిష్కారంగా 35,500 నగదు ఇచ్చారు. ఇప్పుడు వ్యాపారి ఖాతాకు డెబిట్ చేయాల్సింది 35,500 కాదు, 36,000. ఆయనకు మనం ఇక రూపాయి కూడా బాకీ లేం కదా! నగదు 35,500, వచ్చిన డిస్కౌంటు 500 క్రెడిట్. ప్రశ్నలో 'పూర్తి పరిష్కారంగా' అని కనబడితే వెంటనే కింద గీత గీసుకో.

అంకణా అంటే అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వల పట్టిక. రెండు వైపుల మొత్తాలు కలవలేదని కాగితం చింపేయకు. కూడికలు మళ్లీ చూసి, తేడా ఎంతో పట్టుకో. తేడా 270 అయితే దాన్ని సగం చేయి. ఎక్కడైనా 135 ఉంటే అది అటు రాయాల్సింది ఇటు రాశావేమో చూడు. తేడా 9తో నిశ్శేషంగా పోతోందా? అయితే అంకెలు తారుమారై ఉండొచ్చు. 540కి బదులు 450 రాస్తే తేడా 90. సున్నా జారినా అంతే, 4,800కి బదులు 480 రాస్తే 4,320, అదీ 9తో పోతుంది. మిల్లుల్లో రాత్రి పొద్దుపోయాక తప్పులు వెతికేటప్పుడు మమ్మల్ని ఆదుకున్నది ఈ పద్ధతే. ఇవేవీ దొరక్కపోతేనే అనామతు ఖాతా, అంటే తప్పు దొరికేదాకా తేడాను తాత్కాలికంగా ఉంచే ఖాతా మాట.

కలిసింది కదా అని అంతా సరైనదే అనుకోవద్దు. అమ్మడానికి కాక షాపు వాడకానికి కొన్న బీరువాను సరుకు కొనుగోళ్లలో రాసినా అంకణా చక్కగా కలుస్తుంది, లాభం మాత్రం తప్పొస్తుంది.

ఎకనామిక్స్‌లో వ్యాకోచత్వం, అంటే ధర మారితే డిమాండ్ ఎంత మారుతుందో చెప్పే లెక్కలంటే భయమన్నావట. మన బత్తాయిలతోనే చేద్దాం. కిలో 40 నుంచి 50కి పెరిగింది, అమ్మకం 200 కిలోల నుంచి 160కి తగ్గింది. ధర 25 శాతం పెరిగింది, డిమాండ్ 20 శాతం తగ్గింది, కాబట్టి 20ని 25తో భాగిస్తే 0.8. అదే ధర 50 నుంచి 40కి దిగిందనుకుని చేస్తే 20 శాతానికి 25 శాతం, అంటే 1.25 వస్తుంది. అవే అంకెలకు రెండు జవాబులేమిటని బెంబేలెత్తకు. ఈ పద్ధతిలో శాతం పాత అంకె మీదే కడతాం, పాత అంకె మారితే జవాబూ మారుతుంది. రెండు ధరల సగటు 45, రెండు పరిమాణాల సగటు 180 తీసుకుని కడితే సరిగ్గా 1 వస్తుంది. ఆర్థికవేత్త మార్షల్ చెప్పిన మొత్తం వ్యయం పద్ధతిలోనూ చూడు, రెండు ధరల దగ్గరా కొనేవాళ్ల ఖర్చు 8,000 రూపాయలే, ఖర్చు మారలేదు కాబట్టి అక్కడా 1 అనే జవాబే. అందుకే ప్రశ్నలో ఏ పద్ధతి అడిగారో చూశాకే పెన్ను పట్టు. జవాబు వచ్చాక, దాని అర్థం ఒక్క వాక్యంలో కింద రాయి.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు, తప్పుపోయిన లెక్కల నోటుబుక్కు తెచ్చుకో. కొట్టివేతలు చెరపకు, నాకు అవే కావాలి. ముగింపు లెక్కల్లో సర్దుబాట్లు ఇద్దరం కూర్చుని చేద్దాం.

మీ పెద్దనాన్న