31 నుంచి సున్నా దాకా: లూయిస్ పట్టణపు బిళ్ళల ఆట నియమాలు

ప్రశ్న: నేను బ్రైటన్‌లో చదువుకుంటున్నాను. పక్కనే ఉన్న లూయిస్ పట్టణంలో ఒక పబ్బుకు వెళ్ళినప్పుడు, నడుమ కన్నం ఉన్న చిన్న బల్ల మీదికి ఇత్తడి బిళ్ళలు విసురుతూ, పలక మీద సుద్దముక్కతో లెక్క రాసుకుంటున్న రెండు జట్లను చూశాను. సరదా ఆట కాదని, లీగ్ పోటీ జరుగుతోందని అక్కడివారు చెప్పారు. ఈ ఆట ఏమిటి? దీని నియమాలు ఏమిటి?
– ఒక విద్యార్థి, బ్రైటన్

జవాబు: మీరు చూసిన ఆట పేరు ‘టోడ్ ఇన్ ద హోల్’, అంటే ‘కన్నంలో కప్ప’. పిండిలో సాసేజీలు పెట్టి కాల్చే ఒక ఇంగ్లిషు వంటకానికి కూడా ఇదే పేరు ఉంది కనుక, ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా వంట విధానాలే ఎదురవుతాయి. ఈ ఆట ఇంగ్లండులో ఈస్ట్ ససెక్స్‌లోని లూయిస్‌కు, దాని చుట్టుపక్కల ఊళ్ళకు సొంతం. అక్కడి పబ్బుల జట్లు దీనిని లీగ్ పద్ధతిలో ఆడుకుంటాయి. లూయిస్ లయన్స్ క్లబ్ నిర్వహించే పోటీకైతే ‘అంతర్జాతీయ’ అనే పేరే ఉంది.

నాణేలను గుంటలోకో కన్నంలోకో విసిరే ఆటల కుటుంబంలో ఇది ఒకటి. తూర్పు ఇంగ్లండులోని నార్ఫోక్, సఫోక్ ప్రాంతాల పాత పబ్బుల్లో కూర్చునే బెంచీ చెక్కకే కన్నం తొలిచి, అందులోకి పెన్నీలు విసిరేవారు. 1971లో బ్రిటన్ దశాంశ నాణేలకు మారేదాకా చలామణిలో ఉన్న ఆ పాత పెన్నీ దాదాపు 31 మిల్లీమీటర్ల వెడల్పు, 9 గ్రాములకు పైగా బరువు ఉండి, విసిరేవారి వేళ్ళ మధ్య నిండుగా నిలిచేది. లూయిస్ ఆటలో నాణెం స్థానాన్ని మందమైన ఇత్తడి బిళ్ళ తీసుకుంది. ఆ బిళ్ళలనే అక్కడ ‘టోడ్’లు అంటారు.

ఆట మూల నియమాలు కొద్దిపాటివే. వంతుకు 4 బిళ్ళలు. కన్నంలో పడిన బిళ్ళకు 2 పాయింట్లు, బల్ల మీద నిలిచినదానికి 1, నేల మీద పడినదానికి ఏమీ లేదు. వచ్చిన పాయింట్లను కూడుకుంటూ పోరు. 31 వంటి ఒక అంకె పెట్టుకుని, దానిలోంచి తీసివేస్తూ పోతారు. సరిగ్గా సున్నాకు ముందుగా చేరిన పక్షం గెలుస్తుంది. బల్ల పైభాగానికి సీసపు రేకు పరిచి ఉండటం అలంకారం కోసం కాదు. సీసం మెత్తని లోహం. విసిరిన బిళ్ళ వేగాన్ని అది తడి మన్నులా తనలోకి తీసుకుంటుంది కనుక, బిళ్ళ ఎగిరిపోకుండా పడిన చోటికి కాస్త దూరంలోనే ఆగుతుంది. చెక్క మీద విసిరితే ఇదే బిళ్ళ రెండు మూడు సార్లు ఎగిరి నేలపాలవుతుంది, అప్పుడు గురికి విలువ ఉండదు.

31 అనే అంకెను గమనించండి. అది బేసి సంఖ్య. కన్నంలో పడిన ప్రతి బిళ్ళకూ 2 చొప్పున పోతుంది కాబట్టి, ఎంత గొప్ప గురికాడైనా కన్నంతోనే ఆట ముగించలేడు. ఎక్కడో ఒక చోట కనీసం ఒక బిళ్ళ బల్ల మీద నిలిచి తీరాలి. వరుసగా మూడు వంతుల్లో 12 బిళ్ళలూ కన్నంలో వేసినవాడికి 24 పోగా 7 మిగులుతాయి. నాలుగో వంతులో కూడా నాలుగూ కన్నంలో వేస్తే 8 అవుతుంది, హద్దు దాటిపోతుంది. గెలవాలంటే అతడు ఒక బిళ్ళను కావాలనే కన్నం తప్పించి పక్కన నిలపాలి. కన్నం తప్పించడం కూడా గురిలో భాగమేనని ఈ చిన్న లెక్క ఆటగాడికి నేర్పుతుంది. నాకు ఈ ఆట మీద గౌరవం కలిగింది ఇక్కడే.

ప్రశ్న: మా తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో ఈ ఆటకు పోటీ పెట్టాలనుకుంటున్నాము. పోయినసారి సరదాకు ఆడితేనే తగాదాలు వచ్చాయి. కన్నం అంచు మీద సగం వేలాడుతున్న బిళ్ళకు ఎంత ఇవ్వాలి, మొదటి బిళ్ళను రెండోది కన్నంలోకి తోస్తే ఎవరి లెక్క ఏమిటి, 1 మాత్రమే మిగిలినప్పుడు బిళ్ళ కన్నంలో పడితే ఏం చేయాలి అన్న మూడింటి దగ్గర పెద్దవాళ్ళే మాటామాటా అనుకున్నారు. అంపైరుగా ఉండటానికి ఈసారి ఎవరూ ముందుకు రావడం లేదు. దయచేసి స్పష్టమైన నియమాలు సూచించండి.
– ఒక నిర్వాహకురాలు, క్రాలీ

జవాబు: మీరు చెప్పిన మూడు తగాదాలూ నియమం లేకపోవడం వల్ల వచ్చినవే తప్ప మనుషుల తప్పు వల్ల వచ్చినవి కావు. రెండు జట్లు రోజూ ఒకే బల్ల మీద ఆడుకుంటే అలవాటే నియమమవుతుంది. కొత్తవారు కలిసి ఆడే పోటీలో మాత్రం ప్రతి చిన్న సందర్భాన్నీ ముందే కాగితం మీద పెట్టి, ఆట మొదలయ్యేముందు పైకి చదివి వినిపించాలి. అప్పుడు అంపైరు పని తీర్పు చెప్పడం నుంచి చూసి చెప్పడం దాకా తగ్గుతుంది, ముందుకు వచ్చేవారూ దొరుకుతారు. కింద చెప్పేవి మీ పోటీ కోసం నేను సూచిస్తున్న నియమాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది లెక్క ఎప్పుడు తీయాలన్న విషయం. బిళ్ళ ఎక్కడ పడింది అన్నదాన్ని కాక, వంతు ముగిసినప్పుడు ఎక్కడ ఆగి ఉంది అన్నదాన్నే లెక్కించండి. ఈ ఒక్క నియమంతో మీ మొదటి రెండు ప్రశ్నలూ తీరిపోతాయి. కన్నం అంచు మీద సగం వేలాడుతూ ఆగిన బిళ్ళ ఇంకా బల్ల మీదే ఉంది కనుక దానికి 1. అదే వంతులో తరువాతి బిళ్ళ తగిలి అది కన్నంలోకి జారితే దానికి 2. తగిలించిన బిళ్ళ తాను బల్ల మీద నిలిస్తే దానికి 1 అదనం. అలాగే ముందు నిలిచిన బిళ్ళను తరువాతిది నేలకు నెట్టేస్తే, ముందుదాని పాయింటు పోతుంది. విసిరినవాడు తన బిళ్ళను తానే పోగొట్టుకున్నాడు, ఇందులో అన్యాయం లేదు. వంతు అయిన వెంటనే బల్ల ఖాళీ చేయాలి కాబట్టి ఒకరి బిళ్ళ మరొకరి బిళ్ళను తాకే ప్రసక్తి రాదు.

అరుదుగా బిళ్ళ కన్నం నోట్లో ఏటవాలుగా ఇరుక్కుని నిలుస్తుంది. అందులో ఏ కొంచెమైనా బల్ల ఉపరితలానికి పైన కనిపిస్తూ ఉంటే 1, పూర్తిగా కిందికి దిగిపోతే 2 అని రాసుకోండి. లెక్క పలికేలోగా అది తనంతట తాను జారిపోతే 2 ఇవ్వండి. ఎవరైనా బల్లను కదిపినందువల్ల జారితే ముందున్న లెక్కే ఉంటుంది. మరో బిళ్ళ మీద ఎక్కి, బల్లను తాకకుండా ఆగిన బిళ్ళకు కూడా 1 ఇవ్వాలి. నేలకో గోడకో తగిలి తిరిగి బల్ల మీదికి వచ్చినదానికి ఏమీ ఇవ్వకూడదు, దానిని అప్పుడే తీసేయాలి. లెక్క రాసేవారు అంకెను పైకి పలికేదాకా విసిరినవారు గానీ ఎదుటి జట్టువారు గానీ బల్లను ముట్టుకోరాదు. ముట్టుకుంటే ముట్టుకున్న జట్టుకు వ్యతిరేకంగా లెక్క తీయండి.

విసిరేవారు నిలబడే గీత విషయంలో ఉదారంగా ఉండకండి. పెద్దలకు 8 అడుగులు, పిల్లలకు 6 అడుగులు సరిపోతుంది. ఆ దూరాన్ని గీత నుంచి బల్ల ముందు అంచు దాకా కొలిచి, నేల మీద రంగు టేపు అంటించండి. బిళ్ళ చేతిని విడిచేదాకా రెండు పాదాలూ గీత వెనకే ఉండాలి. నడుమును ముందుకు వంచడం, చెయ్యి చాచడం ఆటగాడి ఇష్టం. గీత తొక్కి విసిరిన బిళ్ళ చెల్లదు, అది ఏవైనా బిళ్ళలను కదిపితే వాటిని ఉన్న చోట తిరిగి పెట్టాలి. చివరి మాట అమలు చేయడం కష్టమే కనుక, గీత దగ్గర ఒకరు, బల్ల దగ్గర ఒకరు నిలబడటం మంచిది.

ఇక ఎక్కువ గొడవ జరిగే చోటు ముగింపు. 1 మిగిలినప్పుడు బిళ్ళ కన్నంలో పడితే హద్దు దాటినట్టే. అప్పుడు ఆ వంతులో వచ్చిన పాయింట్లన్నీ రద్దయి, వంతు మొదట్లో ఉన్న అంకె దగ్గరికే ఆటగాడు తిరిగి రావాలని నియమం పెట్టండి. ఉదాహరణకు 4 మిగిలి ఉన్నవాడు వరుసగా 2, 1, 2 వేస్తే మొత్తం 5 అయింది. నాలుగో బిళ్ళ వేయకుండానే వంతు ముగిసి, అతడి దగ్గర మళ్ళీ 4 ఉంటాయి. కొందరు హద్దు దాటిన ఆ ఒక్క బిళ్ళనే రద్దు చేసి మిగతావి ఉంచుతారు. అది పిల్లల విభాగానికి బాగుంటుంది. పెద్దల పోటీలో మాత్రం వంతు మొత్తం రద్దు కావడమే న్యాయం, ఎందుకంటే ఎదుటి పక్షం కోలుకోవడానికి ఉన్న అవకాశం అదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వంతు ముగిశాకే లెక్క తీస్తామన్నాము గదా, మరి రెండో బిళ్ళకే సున్నాకు చేరినవాడు మిగిలిన రెండూ వేయాలా? వేయనక్కరలేదు. బిళ్ళలు నిశ్చలంగా ఆగిన క్షణంలో మొత్తం సరిగ్గా సరిపోతే అతడి వంతు, ఆట అక్కడితో ముగిసినట్టే. ఇది రాసి పెట్టకపోతే ఫైనల్లో తప్పకుండా వాదన వస్తుంది.

మొదట విసిరే పక్షానికి ఈ ఆటలో కొంత లాభం ఉంటుంది, ఎందుకంటే సమాన గురి ఉన్న ఇద్దరిలో అతడే ముందు సున్నాకు చేరతాడు. అందుకని ఒక్క ఆటతో తేల్చకుండా మూడు ఆటలు పెట్టండి: మొదటిదానికి టాస్, రెండోదానికి రెండో పక్షం, మూడోది అవసరమైతే ఇద్దరూ ఒక్కో బిళ్ళ విసిరి, ఎవరిది కన్నానికి దగ్గరగా ఆగితే వారు.

బల్ల సంగతి కూడా చెప్పాలి. పిల్లలు చేతులు పెట్టే చోట సీసపు రేకు వాడవద్దు. సీసం విషపదార్థం, పిల్లల మెదడు ఎదుగుదలకు అది చేసే హాని తెలిసిందే. సంక్రాంతి సంబరాల్లో ఒక చేతిలో బిళ్ళ, మరో చేతిలో అరిసె ఉంటాయి. బల్ల మీద మందపాటి రబ్బరు షీటు అంటిస్తే ఆట చాలావరకు అలాగే సాగుతుంది. గీత దగ్గర నుంచి విసిరి చూసినప్పుడు బిళ్ళ ఎగరకుండా కాస్త జారి ఆగాలి. కన్నం వ్యాసం బిళ్ళ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉంటే కొత్తవారికి ఆశ, ఆరితేరినవారికి కష్టం రెండూ ఉంటాయి.

ప్రశ్న: మా కాలేజీ ఉత్సవంలో ఈ పోటీని పది రూపాయల నాణేలతో పెట్టి, తలా కొంత ప్రవేశ రుసుము వసూలు చేసి, ఆ మొత్తాన్ని గెలిచినవారికి ఇవ్వాలనుకుంటున్నాము. ఇది నైపుణ్యం మీద ఆధారపడిన ఆట కనుక జూదం కిందికి రాదని కొందరు మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి సంఘం ప్రతినిధి, తెనాలి

జవాబు: ఆ ధైర్యంతో ముందుకు వెళ్ళకండి. నైపుణ్యం వాదనకు అందరూ ఎత్తి చూపేది 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన రమ్మీ కేసులో ఇచ్చిన తీర్పును. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని అందులో కోర్టు అన్న మాట నిజమే. అయితే పందేలతో ఆడే ఆట నుంచి క్లబ్బు గానీ ఇంటి యజమాని గానీ లాభం పొందుతున్నట్టు తేలితే నేరం కావచ్చునని కూడా అదే తీర్పు చెప్పింది. ఈ రెండో సగం మీ మిత్రులు చెప్పి ఉండరు. జూదాన్ని నిషేధించే 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఉండగా, విద్యార్థులు తలా కొంత వేసి గెలిచినవారు మొత్తం తీసుకునే పద్ధతిని నేను సమర్థించలేను. రుసుము తీసుకుంటే ఖర్చులకే వాడి లెక్క చూపించండి, బహుమతిగా షీల్డో పుస్తకమో ఇవ్వండి, చూసేవారి మధ్య పందేలు సాగనివ్వకండి.

నాణేల విషయానికి వస్తే, పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్ల వెడల్పు, 8 గ్రాములకు కొంచెం తక్కువ బరువు ఉంటుంది కాబట్టి విసరడానికి పనికివస్తుంది. దానికి 40 మిల్లీమీటర్ల కన్నం చాలు. కానీ పట్టు కోసం అంచులు అరగదీయడం, గుర్తు కోసం గాట్లు పెట్టడం చేయవద్దు. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నాణేన్ని కోయడం, కరిగించడం, రూపు చెడగొట్టడం నేరం. ఇత్తడి సామాను చేసేవారి దగ్గర ఒకే కొలతలో బిళ్ళలు చేయించుకుంటే ఈ బెడద ఉండదు, అందరికీ సమానమైన బరువూ దొరుకుతుంది.

ప్రశ్న: పెరూ దేశంలో కప్ప నోట్లోకి బిళ్ళలు విసిరే ఆటను చూశాను. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చుట్టాలే, ఒకటి కాదు. పెరూలో దానిని ‘సాపో’ అంటారు. పెట్టె పైన నోరు తెరిచిన లోహపు కప్ప, దాని చుట్టూ వేర్వేరు విలువలున్న కన్నాలు ఉంటాయి. కప్ప నోట్లో పడితే అత్యధిక పాయింట్లు. స్పెయిన్‌లో ‘రానా’ కూడా ఈ తీరుదే. అక్కడ ఎక్కువ కూడినవారు గెలుస్తారు కనుక ప్రతిసారీ పెద్ద విలువ మీదే గురి. లూయిస్ ఆటలో మాత్రం తక్కువ కావలసిన సమయం కూడా వస్తుంది.

ప్రశ్న: మొదటి ప్రశ్న పంపిన బ్రైటన్ విద్యార్థి రెండో ప్రశ్న ఇది: 2 మిగిలినప్పుడు కన్నానికి గురి చూడాలా, రెండు బిళ్ళలు బల్ల మీద నిలపాలా?

జవాబు: కన్నానికే చూడండి. పడితే ఆట ముగుస్తుంది. తప్పి బల్ల మీద ఆగితే 1 మిగులుతుంది, చేతిలో ఇంకా 3 బిళ్ళలు ఉంటాయి. నేల మీద పడితే పోయేది ఏమీ లేదు. ఈ మొదటి బిళ్ళతో హద్దు దాటే ప్రమాదమే లేదు. అసలు జాగ్రత్త రెండో బిళ్ళ దగ్గర కావాలి. మొదటిది కన్నం పక్కనే ఆగి ఉంటే, అటు వైపు విసిరిన రెండోది దానిని లోపలికి తోసి తాను బల్ల మీద నిలిచిందా, మొత్తం 3 అయి వంతు రద్దవుతుంది. అందువల్ల 1 కావలసినప్పుడు కన్నాన్ని, ముందరి బిళ్ళను రెంటినీ వదిలేసి, బల్ల మీద వాటికి ఎదురు మూలను ఎంచుకుని, బిళ్ళను నేలకు సమాంతరంగా పట్టుకుని కింది నుంచి మెల్లగా విసరండి. నిలువుగా తన అంచు మీద పడిన బిళ్ళ దొర్లుతుంది, బల్లపరుపుగా పడినది ఆగుతుంది.