కవర్ ఫొటో కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: మాది తెనాలి. అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. వాళ్ల మేనమామ హైదరాబాద్‌లో ఉంటాడు. ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంతకి వెళ్లి, పసుపు అంచుతో ఉండే పాత నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలు కొని తెచ్చిస్తుంటాడు. అవి చూసి చూసి ఇప్పుడు ఆ పత్రికకి ఫొటోగ్రాఫర్‌ని అవుతానంటోంది. నీట్ వద్దంటోంది. చీటీ పాడి మూడు లక్షల కెమెరా, లెన్సు కొనమని ఇంట్లో ఒకటే గొడవ. వాళ్ల నాన్న అగ్రికల్చర్ బీఎస్సీ చేయమంటున్నారు. ఫొటోలు తీసి బతగ్గలదా? దీనికి ఏం చదివించాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగినవి మూడు. కెమెరా కొనాలా, ఏం చదివించాలి, బతగ్గలదా. ఆఖరిదానితో మొదలుపెడతాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అయ్యుంటుంది.

ఆ పత్రికలో ఉద్యోగం అన్నది ఇప్పుడు దాదాపు లేదు. 1888లో వాషింగ్టన్‌లో మొదలైన పత్రిక అది. 1980ల చివర్లో ఒక్క అమెరికాలోనే కోటీ 20 లక్షల మంది దాకా చందాదారులు ఉండేవారు. 2022 చివరికి ఆ సంఖ్య 18 లక్షల లోపుకి దిగింది. 2023లో జీతం మీద మిగిలిన కొద్దిమంది రచయితల్ని కూడా తీసేశారు. మరుసటి ఏడాది నుంచి అమెరికాలో దుకాణాల్లో అమ్మడమే ఆపేశారు. ఫొటోగ్రాఫర్ల సంగతైతే, చాలాకాలంగా ఎక్కువమంది ఒక్కో కథకి ఒక్కో కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. అంటే నెలనెలా జీతం, పీఎఫ్, అమ్మాయి పేరు మీద ఐడీ కార్డు, ఇవేవీ ఉండవు. ఈ మాట చెబితే అమ్మాయి మొహం మాడ్చుకుంటుంది. అయినా చెప్పండి. పదిహేడేళ్లకి తెలిస్తే నష్టం లేదు. ఇరవై ఏడుకి తెలిస్తేనే కష్టం.

అలాగని దారి మూసుకుపోయిందనీ చెప్పొద్దు. ఆ పత్రికలో అడవి జంతువుల ఫొటోలకి శ్రీకారం చుట్టినాయన వృత్తి ఫొటోగ్రాఫరే కాదు. పేరు జార్జ్ షిరాస్. వృత్తిరీత్యా లాయరు, కొంతకాలం అమెరికా కాంగ్రెస్‌లో సభ్యుడు కూడా. రాత్రిపూట చిన్న పడవలో, ముందువైపు దీపం పెట్టుకుని చప్పుడు లేకుండా వెళ్లేవాడు. నీళ్లు తాగడానికొచ్చిన జింక ఆ వెలుగుని చూస్తూ కదలకుండా నిలబడిపోయేది. అప్పుడు ఫ్లాష్ మందు వెలిగించి ఫొటో తీసేవాడు. ఇంకోచోట దారికి అడ్డంగా తీగ కట్టి కెమెరాకి తగిలించేవాడు. జంతువు కాలు తగిలితే దాని ఫొటో అదే తీసుకునేది. 1906 జులై సంచికలో ఆయన ఫొటోలు 74 వేశారు. పత్రికని బొమ్మల పుస్తకం చేసేస్తున్నారని ఇద్దరు బోర్డు సభ్యులు రాజీనామా చేసి వెళ్లిపోయారు! ఆయన బతుకుతెరువు వేరు, పట్టుదల వేరు. మీ అమ్మాయి విషయంలో నేను చెప్పబోయేది కూడా దాదాపు ఇదే.

వందేళ్లు దాటాక అదే తీగ పద్ధతి ఎంత ముదిరిందో చూడండి. లాస్ ఏంజెలెస్ నగరం మధ్యలో, హాలీవుడ్ అన్న పెద్ద అక్షరాల కింద, రాత్రిపూట నడిచి వెళుతున్న కూగర్ ఫొటో ఒకటుంది. కూగర్ అంటే అమెరికా అడవుల్లో ఉండే పెద్ద పిల్లి. 2013 డిసెంబరు సంచికలో వచ్చింది. తీసింది స్టీవ్ వింటర్. నిజానికి ఆ క్షణంలో ఆయన అక్కడ లేడు. బాటకి ఈ పక్కనుంచి ఆ పక్కకి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణం పెట్టి, అది తెగితే ఫ్లాష్‌లు వెలిగి కెమెరా క్లిక్‌మనేలా అమర్చి వెళ్లాడు. ఆ ఒక్క ఫొటో కోసం ఏడాది దాటి ఎదురుచూశాడు. ఏ బాటన వస్తుందో చెప్పడానికి, ఆ జంతువు మెడకి కాలర్ కట్టి దాని వెంట తిరుగుతున్న బయాలజిస్టుల సాయం ఉంది. లెన్సు ధర ఎంతన్నది ఈ కథలో ఎక్కడా రాదు. జంతువు ఎటు నడుస్తుందో తెలియడమే అసలు సంగతి.

ఇంకో మాట చెబుతాను, అమ్మాయికి నవ్వొస్తుంది. 1978 అక్టోబరు సంచిక కవర్ ఫొటో తీసింది కోకో అనే గొరిల్లా. అద్దంలో తనని తాను కెమెరాతో తీసుకుంది. కాబట్టి బటన్ నొక్కడం అంత పెద్ద విద్యేం కాదు. మూడు లక్షలు పెట్టి కొనాల్సింది అసలే కాదు.

ఇక చదువు. నా సలహా సూటిగా చెబుతాను, నచ్చకపోతే వదిలేయండి. ఫొటోగ్రఫీ కోర్సు ముందు వద్దు, సైన్సు ముందు. బైపీసీ పిల్లలు ఐసర్ (కేంద్రం నడిపే సైన్సు విద్యాసంస్థ) ప్రవేశపరీక్ష రాయొచ్చు, తిరుపతిలోనే ఐసర్ ఉంది. అది రాకపోతే జువాలజీయో బోటనీయో మంచి కాలేజీలో డిగ్రీ. ఆ తర్వాత బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది. రెండేళ్లకోసారి మాత్రమే చేర్చుకుంటారు కాబట్టి ఏ ఏడాది అన్నది ముందే చూసుకోవాలి. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఈ దారిలో వెళితే ఫొటోలు ఆడినా ఆడకపోయినా చేతిలో ఒక పని ఉంటుంది. ప్రసేన్‌జీత్ యాదవ్ అనే మన దేశపు ఫొటోగ్రాఫర్ ఇలాగే వచ్చాడు. మొదట జీవశాస్త్ర పరిశోధన, తర్వాత కెమెరా, ఆ తర్వాత నేషనల్ జియోగ్రాఫిక్. కల్యాణ్ వర్మ దారి ఇంకోలాంటిది. బెంగళూరులో యాహూ ఉద్యోగం వదిలేసి అడవి పట్టాడు. ఇద్దరికీ కెమెరా కంటే ముందు ఇంకో విద్య ఉంది.

వాళ్ల నాన్న చెప్పే అగ్రికల్చర్ కూడా కొట్టిపారేయాల్సింది కాదు. అమ్మాయికి అది అడవి కాదు కాబట్టి బోరుగా అనిపిస్తోంది, అంతే. ఆ పాత సంచికలు తిరగేసి చూడమనండి, నేల మీద, నీటి మీద, తిండి మీద ఎన్ని కవర్ స్టోరీలున్నాయో. మిర్చి పొలంలో మందు కొట్టే కూలీ చేతులు, బోరు ఎండిపోయిన రైతు... ఈ కథలు చెప్పాలంటే పంట తెలిసినవాళ్లే కావాలి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది మీ పక్కనే, గుంటూరు దగ్గర లాంలో. ఈఏపీసెట్ రాయించండి, రాస్తే పోయేదేముంది.

నేరుగా ఫొటోగ్రఫీయే చదవాలంటే హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్‌ఏయూ అనే ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. డిగ్రీ అయ్యాక గాంధీనగర్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్ పీజీ ఉంది. అవి చెడ్డవని కాదు. అక్కడ చదివినవాళ్లు ప్రకటనలకో, ఫ్యాషన్‌కో, సినిమాలకో వెళ్లి బాగానే ఉన్నారు. మీ అమ్మాయికి పక్షులూ చెట్లూ అంటేనే ప్రాణం అయితే, వాటి గురించి తెలుసుకునే చదువు ముందు పూర్తి కావడం మేలని నా ఉద్దేశం.

కెమెరా దగ్గరికి వద్దాం. కొన్నేళ్ల కింద నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి, అప్పు చేసి పెద్ద లెన్సు కొన్నాడు. ఈఎంఐ కట్టడానికి పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు. ముహూర్తాల సీజనూ పక్షుల సీజనూ ఒకేసారి వస్తాయి కదా, అడవికి వెళ్లడానికి తీరికే లేకపోయింది. పెళ్లి ఫొటోలు తక్కువ పనేం కాదు, ఇప్పుడు బాగా సంపాదిస్తున్నాడు కూడా. కానీ ఆ లెన్సు బీరువాలోనే ఉంది, పెళ్లిలో దాంతో పనేముంటుంది! నిజంగా జాతీయ స్థాయిలో వాడే, దూరపు జంతువుని దగ్గరగా చూపే 600 ఎంఎం లెన్సు ఒక్కటే పది లక్షలు దాటుతుంది. మీ మూడు లక్షలు దానికీ చాలవు, నేర్చుకోవడానికైతే అంత అక్కర్లేదు. తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ, 70-300 లెన్సు కలిపి ₹40-50 వేలలో చూడండి. కొనేముందు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి, స్కూటర్‌కి రీడింగ్ చూసినట్టు. అంతవరకూ ఫోనుతో తీయమనండి.

ఇక్కణ్నుంచి అమ్మాయికి చదివి వినిపించండి.

తల్లీ, తెనాలి నుంచి ఉప్పలపాడు నీకు గంట ప్రయాణం. ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందల కొద్దీ గూళ్లు కట్టుకుంటాయి. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు. సెలవురోజున వెళ్లినవాళ్లంతా ఒకే ఫొటో తీసుకుని వస్తారు: కొమ్మ మీద పక్షి. నువ్వు ఆ ఫొటో వదిలెయ్. అక్కడ కథ పక్షిది ఒక్కదానిదే కాదు. ఊళ్లోవాళ్లకి ఆ చెరువు నీళ్లు పనికొస్తున్నాయా? రెట్ట వాసన భరించే ఇళ్లెవరివి? దీపావళికి అక్కడ టపాసులు కాలుస్తారా? గూట్లోంచి కింద పడ్డ పిల్లని ఎవరు తీస్తారు? తెల్లారి ఎన్నింటికి మొదటి పక్షి లేస్తుంది, మేతకి ఎటు వెళుతుంది? ఈ ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాసుకుని ఐదారుసార్లు వెళ్లు. మొదటి రెండుసార్లు కెమెరా సంచిలోనే ఉన్నా ఫర్వాలేదు.

తర్వాత పది ఫొటోలు ఎంచు. దూరం నుంచి ఊరూ చెరువూ కలిపి ఒకటి. దగ్గరగా ఒకటి, ముక్కు సందున వేలాడే చేపపిల్లో, నేల మీద ఈకో. ఒక మనిషి మొహం. చీకటి పడేవేళ ఒకటి. ఒక్కోదాని కింద రెండు వాక్యాలు రాయి. ఫొటోలో కనిపించేదే మళ్లీ రాయకు, కనిపించనిది రాయి. ఫొటో కింద రాసే ఆ నాలుగు మాటల్ని ఆ పత్రికలో ‘లెజెండ్’ అంటారు. వేలల్లో తీసిన ఫొటోల్లోంచి పదో పదిహేనో అచ్చవుతాయి. ఏవి వదిలేయాలో తెలిసినవాళ్లని ఫొటో ఎడిటర్ అంటారు. నీకు తీయడం కన్నా ఏరడం బాగా వస్తే అదీ ఒక ఉద్యోగమే. మ్యాపులు గీయడం ఇష్టమైతే జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే పద్ధతి) నేర్చుకో, దానికి పత్రికల బయట కూడా ఉద్యోగాలున్నాయి.

నిలువు ఫొటోలు కూడా తీయి. కవర్ ఎప్పుడూ నిలువే, పైన పత్రిక పేరుకి ఖాళీ ఉండాలి. 1982 ఫిబ్రవరి సంచికకి గిజా పిరమిడ్ల అడ్డం ఫొటో ఒకటి నచ్చింది. నిలువు కవర్‌లో పట్టలేదు. కంప్యూటర్‌లో పిరమిడ్లని దగ్గరికి జరిపేశారు. అది బయటపడి పెద్ద గొడవైంది, పత్రిక తలదించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోన్‌లోనే వేలితో పిరమిడ్ జరపొచ్చు కాబట్టి నీకు ఈ కథ మరీ ముఖ్యం.

లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ పెడుతుంది. 17 ఏళ్లు, అంతకులోపు వాళ్లకి ఫీజు లేదు, 15 నుంచి 17 వాళ్లకి ప్రత్యేక విభాగం ఉంది. నీకు ఇంకొక్క అవకాశమే ఉందనుకుంటా, వదులుకోకు. పై దశకి వెళితే రా ఫైల్ (కెమెరాలో పడ్డ, ఏ మార్పూ చేయని అసలు ఫైల్) అడుగుతారు, కాబట్టి డిలీట్ చేయకుండా దాచుకో. 2009లో గెలిచిన తోడేలు ఫొటోని తర్వాత రద్దు చేశారు, అది మచ్చిక చేసిన తోడేలై ఉండొచ్చని జడ్జీలు తేల్చారు. 2017లో ఒక విభాగంలో గెలిచిన చీమలు తినే జంతువు ఫొటోదీ అదే గతి, చచ్చిన జంతువుకి గడ్డి కూరిన బొమ్మ అది అని నిపుణులు చెప్పారు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లూ ఒప్పుకోలేదు, కానీ బహుమతి పోయింది, పేరూ పోయింది. మన దగ్గర ఇంత పెద్ద మోసాలక్కర్లేదు. పక్షి ఎగిరితే బాగుంటుందని రాయి విసరడం, అడ్డంగా ఉందని గూటి ముందు కొమ్మ విరవడం, ఇవే. ఎవరైనా నీ పక్కన అలా చేస్తుంటే అక్కణ్నుంచి వచ్చెయ్. అభయారణ్యాల్లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకు, ఒంటరిగా అసలే వెళ్లకు.

18 నిండాక నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ ఇచ్చే గ్రాంట్లకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు అడిగేది నీ కెమెరా మోడల్ కాదు, నీ ప్రాజెక్ట్ ఏమిటని. అప్పటికి నీ దగ్గర ఒక చెరువు కథ ఉంటుంది.

మళ్లీ మీకు, అమ్మా. ఉప్పలపాడుకి మొదటిసారి మీరిద్దరూ కూడా వెళ్లండి, తెల్లవారుజామునే. అమ్మాయి గంటసేపు ఫోను పక్కన పెట్టి పక్షుల్నే చూస్తూ కూర్చుందా, లేక పావుగంటకే సెల్ఫీ దిగి టిఫిన్‌కి పదమందా అన్నది గమనించండి. నేను రాసిన దీనంతటికన్నా మీకు అదే ఎక్కువ చెబుతుంది. చీటీ మాత్రం ఇప్పుడే పాడకండి. ఇప్పుడు పాడితే ఎక్కువ తగ్గించుకోవాలి, ఆఖరి నెలల్లో అయితే దాదాపు మొత్తం చేతికొస్తుంది. ఈలోగా ఇంటర్ పరీక్షలు అయిపోతాయి, ఎక్కడ సీటొచ్చిందో తెలుస్తుంది. హాస్టల్ ఫీజు కట్టగా మిగిలినదాంట్లో కెమెరా కొనండి.