తూర్పు హద్దు ‘ఫోర్‌షోర్’ అని ఉంటే అలల దాకా స్థలం మనదేనా?

సందేహం: 2019లో భీమిలి వెళ్లే బీచ్ రోడ్డుకు తూర్పున 600 గజాల స్థలం కొన్నాను. నా దస్తావేజులో తూర్పు హద్దు ‘సముద్రం’ అని, 1961 నాటి ఇంగ్లీషు లింకు దస్తావేజులో (ఈ స్థలం అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజు) ‘ఫోర్‌షోర్’ అని ఉంది. ఆ మాటకు తీరపు నేల అని అర్థమని, కనుక అలల దాకా మనదేనని మధ్యవర్తి చెప్పారు. నాన్నగారి పీఎఫ్ డబ్బంతా అందులోనే పెట్టాము. నిరుడు ఆగస్టులో సర్వేయరు 170 గజాలు ప్రభుత్వానివంటూ రాయి పాతారు. ఇప్పుడు ఆక్రమణ నోటీసు వచ్చింది. అమ్మినవారి కుటుంబం 40 ఏళ్లుగా అక్కడ వలలు ఆరబెట్టుకుందట. అమ్మినాయన చనిపోయారు, వారి అబ్బాయి హద్దు మార్చి సవరణ దస్తావేజు రాసిస్తానని వాట్సాప్‌లో పెట్టారు. రాయించుకోమంటారా?
— ఒక పాఠకుడు, చినవాల్తేరు

సమాధానం: పీఎఫ్ డబ్బు గానీ, మధ్యవర్తి మాట గానీ ఈ వ్యవహారాన్ని తేల్చవు. లింకు దస్తావేజు చెక్కుబందీలోని, అంటే నాలుగు వైపుల హద్దుల వివరంలోని ఆ ఒక్క మాటే తేలుస్తుంది, అదీ మీకు వ్యతిరేకంగా. చెక్కుబందీలో రాసేది మన నేల గురించి కాదు, మన నేల ఆగిపోయాక మొదలయ్యే దాని గురించి. ఉత్తరాన ఫలానావారి ఇల్లు అని రాసినంత మాత్రాన ఆ ఇల్లు మీదవుతుందా? తూర్పున ఫోర్‌షోర్ అన్నా అంతే. విస్తీర్ణం 600 గజాలని రాసి ఉన్నా, హద్దులకూ కొలతకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులనే పట్టుకుంటాయి.

కోస్ట్, షోర్, బీచ్ అనేవి వాడుక మాటలు. వాటికి తెగిన గీత ఉండదు. ఫోర్‌షోర్ అంటే పోటు నీరు ఎక్కే చోటికీ, ఆటుకు నీరు తగ్గే చోటికీ మధ్య మునిగి తేలే నేల మాత్రమే. మద్రాసులో ఫోర్‌షోర్ ఎస్టేట్ అనే నివాస ప్రాంతం ఉంది కాబట్టి ఆ మాటకు సముద్రం పక్కన ఇళ్లు కట్టుకునే నేల అని కొందరు అనుకుంటారు. పేటకు పెట్టిన పేరు దస్తావేజుకు అర్థం చెప్పదు. ఇంగ్లండులో 1854 నాటి ఒక తీర్పు మామూలు పోట్ల సగటును పై గీతగా తీసుకుంది. దాన్ని చూపించి నాలుగు గజాలు వెనక్కి తెచ్చుకుందామని మీ వకీలు అంటే ఒప్పుకోకండి. మనకు వర్తించే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 2వ సెక్షన్, పోటు గీతకు దిగువన ఉన్న సముద్రపు నేల ప్రభుత్వానిదని చెబుతూ, ఆ గీత అంటే పున్నమి, అమావాస్యల మామూలు పెద్ద పోటు చేరే అత్యున్నత స్థానమని వివరించింది.

మీకు ఊరట దొరికితే ఆ ‘మామూలు’ అన్న మాటలోనే దొరుకుతుంది. తుపాను ఉప్పెన ఎక్కిన చోటు పోటు గీత కాదు. సర్వేయరు రాయి దేన్ని చూసి పాతారు? తుపాను నీరు వదిలివెళ్లిన నాచు, పుల్లల చాలు చూసి పాతారా, లేక తీర నియంత్రణ మండలి పటంలోని గీతను కొలిచి పాతారా? స్కెచ్ నకలు తీసుకుంటే గానీ తెలియదు. ఆ స్థలంలో ముదురు సరుగుడు చెట్లు గానీ, పాత నుయ్యి గానీ ఉంటే రాయికీ వాటికీ మధ్య దూరాన్ని ఇప్పుడే ఫోటోలతో సహా నమోదు చేయించండి. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా నిర్మాణాలను నియంత్రిస్తుందే తప్ప ఎవరి యాజమాన్యాన్నీ లాక్కోదు; ఈ రెంటినీ కలిపి నోటీసు ఇచ్చి ఉంటే ఆ మాట జవాబులో రాయించండి.

వలల వాదన నిలవదు. ప్రభుత్వంపై ప్రతికూల స్వాధీనం (దీర్ఘకాలం అనుభవంలో ఉంచుకున్నందువల్ల హక్కు వచ్చిందనే వాదన) చెప్పాలంటే 30 ఏళ్లు ఇతరులను రానివ్వకుండా అనుభవించినట్లు చూపాలి. ఊరంతా వలలు ఆరబెట్టే ఇసుక మీద అది చూపడం కష్టం.

సవరణ దస్తావేజు జోలికి మాత్రం పోవద్దు. తండ్రికి లేని నేలను కొడుకు ఇవ్వలేడు. పైగా నోటీసు అందాక హద్దు మార్పించుకుంటే, తెలిసి చేసిన ఆక్రమణకు మీ సంతకంతోనే రుజువు ఇచ్చినట్లవుతుంది. రాత్రికి రాత్రి ప్రహరీ లేపే ఆలోచన ఉంటే అదీ మానుకోండి.

మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. ఆ కాగితం చేతిలో ఉండి కూడా ఇంగ్లీషు తెలిసినవారితో చదివించుకోలేదు. విక్రేత తనకు లేని హక్కును అమ్మినందుకు ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కింద తరుగు పడిన 170 గజాల సొమ్ము అడగవచ్చు. గడువు 3 ఏళ్లు. అది రిజిస్ట్రేషన్ నాటి నుంచే మొదలైందని ఎదుటివారు అంటారు. మోసం, పొరపాటు బయటపడిన నాటి నుంచి లెక్కించే వెసులుబాటు లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్‌లో ఉన్నా, తగిన శ్రద్ధతో ముందే కనిపెట్టగలిగేవారు అన్న అభ్యంతరం ఆ సెక్షన్‌లోనే ఉంది, ఆ అభ్యంతరానికి ఆధారం మీ బీరువాలోనే ఉంది. అందుకే రాయి పాతిన తేదీ నుంచి లెక్క వేసుకుని ఆగకుండా, ఈ నెలలోనే వారసులకు లాయరు నోటీసు పంపండి. తండ్రి ఆస్తి సంక్రమించిన మేరకే వారు బాధ్యులు. ఆ అబ్బాయి వాట్సాప్ సందేశాన్ని చెరపకండి, ఆ ఫోను మార్చకండి.

ఆక్రమణ నోటీసుకు అందులో ఇచ్చిన గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి, రసీదు తీసుకోండి. 1961 దస్తావేజు ధ్రువీకృత నకలును సబ్ రిజిస్ట్రారు దగ్గర తీసుకుని, ఎఫ్-లైన్ దరఖాస్తు (సర్వే హద్దులు కొలిచి చూపమని కోరేది) పెట్టి మళ్లీ కొలత కోరండి. ఖాళీ చేయిస్తే సివిల్ కోర్టుకు వెళ్లడానికి భూ ఆక్రమణల చట్టం 14వ సెక్షన్ ఇచ్చేది 6 నెలలే. ప్రభుత్వంపై దావాకు సాధారణంగా ముందుగా 2 నెలల నోటీసు ఇవ్వాలి కనుక, మీకు నిజంగా మిగిలేది 4 నెలలే అనుకోండి.