దూరాన ఉన్న భర్త, హాల్లో ఉన్న కెమెరా

ప్రశ్న: మాది హిందూపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటున్నాము. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో గణితం చెబుతాను. ఇక్కడ పదిమందికి టీమ్ లీడ్‌గా ఉన్న మావారు, కార్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో గత మే నెలలో బ్లూ కార్డ్ (నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు వెళ్లారు. నేను, మా పాప, అత్తగారు, మామగారు ఇక్కడే ఉన్నాము. పాప యూకేజీ చదువుతోంది, ఏప్రిల్‌లో 6 ఏళ్లు నిండుతాయి. వెళ్లేముందు ఆయన పెద్దవాళ్ల కోసమని హాల్లో సీసీ కెమెరా పెట్టించారు. ఇప్పుడు రోజూ సాయంత్రం 4 గంటలకు నేను, పాప ఇంట్లో అడుగుపెట్టగానే మెసేజ్ వస్తుంది: ఇంత ఆలస్యమేం, పాప బూట్లు సోఫా మీద ఉన్నాయేం, అమ్మ ఇల్లు తుడుస్తోందేం, పనమ్మాయి రాలేదా అని. ఒకరోజు విసుగొచ్చి కెమెరాను గోడవైపు తిప్పాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అక్కడి సంగతులు అడిగితే ‘బాగానే ఉంది’ అంటారు. తన తలుపుకు తగిలించిన బోర్డు ఏమిటో తెలియక మెట్లు కడిగే వంతు వదిలేశారని, పక్కింటి ముసలాయన కోపంగా చీటీ రాసి అంటించాడని ఆయన స్నేహితుడి భార్య చెబితేనే నాకు తెలిసింది. మొన్న ‘ఇక్కడ నాకేముంది, వచ్చేస్తాను’ అన్నారు. మర్నాడే ‘మీరిద్దరూ వెంటనే వచ్చేయండి’ అన్నారు. నన్ను అనుమానిస్తున్నారా? ఉద్యోగం మానేసి వెళ్లాలా, ఆయన్నే రమ్మనాలా?
– ఒక సోదరి, బెంగళూరు

సమాధానం: ముందుగా అనుమానం సంగతి చూద్దాం. పాప బూట్లు, అత్తగారి శ్రమ, మీరు ఇల్లు చేరిన వేళ... మీరు రాసిన మెసేజ్‌లలో ఎక్కడా ఎవరొచ్చారు, ఎవరితో మాట్లాడావు అన్న ప్రశ్న లేదు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీవారు మిమ్మల్ని శంకించడం లేదు. తాను లేకపోయినా ఇల్లు నడిచిపోతోందన్న బెంగతో, ఆ ఇంట్లో తనకు ఇంకా చోటుందని తనకు తానే నచ్చజెప్పుకోవడానికి ఏదో ఒక మాట అంటున్నారని నాకనిపిస్తోంది. అయితే అనుమానం లేదు కాబట్టి భరించండి అని నేను చెప్పను. బడి నుంచి అలసి వచ్చి, సొంత ఇంట్లో కాస్త నడుం వాల్చడానికి కూడా కెమెరా వైపు చూసుకోవలసి రావడం ఏ ఇల్లాలికైనా కష్టమే. దాన్ని గోడవైపు తిప్పినందుకు మీరు నొచ్చుకోనక్కరలేదు.

ఆ మెసేజ్ సరిగ్గా 4 గంటలకే ఎందుకు వస్తుందో లెక్క వేసి చూడండి. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. ఇక్కడ సాయంత్రం 4 అయినప్పుడు అక్కడ ఉదయం 11:30. ఆయన ఆఫీసు ముగించుకుని, రైలు దిగి, గది తాళం తీసేసరికి 6 అయిందనుకుంటే ఇక్కడ రాత్రి 10:30 అవుతుంది. అప్పటికి పాప నిద్రపోయి ఉంటుంది, మీకూ కళ్లు మూతలు పడుతుంటాయి. తెల్లవారి పాప లేచే వేళకు ఆయనకు అర్ధరాత్రి. అంటే పనిదినాల్లో కూతురు ఇంట్లో ఆడుకుంటూ ఆయన కంటపడే వేళ ఆయన ఆఫీసు వేళే. అందుకే పని మధ్యలో ఫోను తీసి మీ హాలు చూస్తున్నారు. చూసిన ఆ రెండు నిమిషాల్లో ముద్దు మాటలు రాయడం చేతకాక బూట్ల గురించి రాస్తున్నారు.

‘బాగానే ఉంది’ అన్న మాట వెనుక ఏముంటుందో, అక్కడికి వెళ్లిన మనవాళ్లు నాతో చెప్పుకున్న దాన్నిబట్టి చెబుతాను. జర్మనీలో కొత్త ఉద్యోగానికి సాధారణంగా 6 నెలల ప్రొబేషన్ ఉంటుంది, ఆ కాలంలో కంపెనీ అయినా ఉద్యోగి అయినా 2 వారాల నోటీసుతో విడిపోవచ్చు. ఉద్యోగంతో ముడిపడిన అనుమతి మీద ఉన్న మనిషికి ఆ 6 నెలలూ కంటి మీద కునుకు ఉండదు. మే నెలలో చేరిన మీవారికి నవంబరు దాకా ఆ భయం ఉండే ఉంటుంది. దానికి తోడు అక్కడి ఆఫీసుల తీరు వేరు. పనిలో పొరపాటు ఉంటే అందరి ముందే ‘ఇది తప్పు’ అని చెప్పేస్తారు, మీటింగు అయ్యాక ఆ చెప్పిన మనిషే కాఫీకి పిలుస్తాడు. అటువంటి మాటను పక్కకు పిలిచి చెప్పడమే మర్యాదగా ఎంచే మనకు అది అవమానంలా తగులుతుంది. ఇక్కడ రాత్రి 9 దాకా కూర్చుంటే కష్టపడే మనిషని పేరు వస్తుంది. అక్కడి చట్టం మామూలుగా రోజుకు 8 గంటల పనినే ఒప్పుకుంటుంది, పొడిగించినా 10 గంటలు దాటనివ్వదు, కాబట్టి పొద్దుపోయేదాకా ఉండేవారిని చూసి పని వేళకు ముగించలేకపోతున్నారని అనుకునే మేనేజర్లు ఉంటారు. పెద్దలు మాట్లాడుతుంటే తలూపి ఊరుకోవడం మనకు వినయం, అక్కడ దాన్ని విషయం అర్థంకాకపోవడంగా లెక్కగడతారు. ఇన్నేళ్లూ పేరు తెచ్చిపెట్టిన అలవాట్లే ఉన్నట్టుండి అక్కరకు రాకుండా పోతే ఎంతటి సమర్థుడైనా లోలోపల చిన్నబోతాడు. ఆ చిన్నబోవడాన్ని భార్యతో చెప్పుకోవడం మన మగవాళ్లలో చాలామందికి ఎవరూ నేర్పలేదు.

మెట్ల సంగతి మీరు వింతగా రాశారు గానీ, ఆయన్ను అన్నిటికంటే ఎక్కువగా గాయపరచింది అదేనేమో. స్టుట్‌గార్ట్ ప్రాంతంలో కేర్‌వోఖె అని ఎంతో పాత ఆచారం ఉంది. ఒక భవనంలో ఉండేవారు వారానికొకరు చొప్పున మెట్లు, నడవ, కొన్నిచోట్ల ఇంటి ముందరి కాలిబాట కూడా ఊడ్చి తుడవాలి. ఎవరి వంతు అయితే వారి తలుపుకు చిన్న బోర్డు వేలాడుతుంది, పని ముగిశాక వారే దాన్ని తీసి తరువాతి ఇంటి తలుపుకు తగిలిస్తారు. అందులో చదువు, హోదా, జీతం ఏవీ లెక్కలోకి రావు. ఇక్కడ పనమ్మాయి, వాచ్‌మన్ ఉన్న ఇంట్లో పెరిగిన మనిషి, ఆ బోర్డు అర్థం తెలియక వదిలేసి, తలుపు మీద చీటీ చూసుకున్న రోజు ఎంత కుంచించుకుపోయి ఉంటారో ఊహించండి. వాళ్లమ్మ ఇల్లు తుడుస్తున్న దృశ్యం కెమెరాలో కనపడగానే ఆయనకు అంత కోపం ఎందుకొచ్చిందో నాకు కొంత అర్థమైంది.

అలాగని అక్కడ ఎదురయ్యే ప్రతిదాన్నీ ఆచారమని సరిపెట్టుకోమని నేననను. పేరు చూసి ఇల్లు అద్దెకివ్వనివారూ, రంగు చూసి మాట మార్చేవారూ అన్ని దేశాల్లో ఉన్నట్టే అక్కడా ఉంటారు. అటువంటిది జరిగితే అది ఆయన లోపం కాదని మీరు గట్టిగా చెప్పాలి. మెట్ల చీటీ మాత్రం ఆ కోవలోది కాదని నా అభిప్రాయం. వంతు తప్పిన జర్మన్ పొరుగువారికైనా ఆ ముసలాయన చీటీ రాసే ఉండేవాడు.

ఇప్పుడు కెమెరా. దాన్ని హాల్లోంచి తీసి వీధి తలుపు దగ్గర పెట్టించండి, పెద్దవాళ్ల భద్రతకు అది చాలు. అయితే తీసే ముందు ఆయనతో మాట్లాడండి. ‘నన్ను నమ్మరా’ అని మొదలుపెడితే ఆయన తనను సమర్థించుకునే పనిలో పడతారు. ‘మీరు మమ్మల్ని చూడగలుగుతున్నారు, మేము మిమ్మల్ని చూడలేకపోతున్నాము. మీ గది, మీ వీధి, మీరు తినే అన్నం మాకూ చూపించండి’ అని అడగండి. కెమెరాకు బదులుగా వారంలో మూడు రోజులు ఆయన మధ్యాహ్న భోజన విరామంలో, అంటే ఇక్కడ సాయంత్రం 5 గంటల ప్రాంతంలో, పాపతో పావుగంట వీడియో కాల్ పెట్టుకోండి. మూడు రోజులే ఎందుకంటే, తక్కిన రెండు రోజులూ ఆయన డబ్బా పట్టుకుని సహోద్యోగుల బల్ల దగ్గర కూర్చోవాలి. ఒంటరిగా తిని ఫోను చూసుకునే మనిషికి ఆ ఊళ్లో ఎన్నాళ్లున్నా ఒక్క స్నేహితుడూ దొరకడు. శని, ఆదివారాల్లో తీరికగా మాట్లాడుకోండి. వంతు వచ్చిన వారం మెట్లు తుడుస్తూ ఫోను ఎదురుగా పెట్టమనండి. నాన్న తుడుపుకర్రతో కుస్తీ పడుతుంటే పాప నవ్వుతుంది, ఆయనా నవ్వుతారు, చీటీ ముల్లు కొంత ఊడుతుంది. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అప్పటినుంచి తేడా మూడున్నర గంటలే కాబట్టి వేళలు కొద్దిగా మార్చుకోవలసి ఉంటుంది.

ఒక విషయం మాత్రం ఆలస్యం చేయవద్దు. ‘ఇక్కడ నాకేముంది’ అన్న మాట అలసటతో అన్నదో, అంతకంటే లోతైనదో మీరు అడిగి తెలుసుకోవాలి. నిద్ర పడుతోందా, వేళకు తింటున్నారా, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయిందా, బతకాలనిపించడం లేదా అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, అడిగినవారు ఉన్నారన్న ధైర్యమే కలుగుతుంది. రెండు మూడు వారాలుగా నిద్ర, ఆకలి దెబ్బతిని ఉంటే ఆయన అక్కడి ఫ్యామిలీ డాక్టరును కలవాలి. డాక్టరు విశ్రాంతి రాసిస్తే ఆ సెలవు కాలానికి 6 వారాల వరకు కంపెనీయే జీతం ఇస్తుంది, కాబట్టి జీతం పోతుందేమోనని దాచుకోనవసరం లేదు. ప్రాణం మీదికి వచ్చే మాట ఏదైనా అంటే ఫోను పెట్టేయకుండా మాట్లాడుతూ, ఆ స్నేహితుడిని వెంటనే ఆయన గదికి పంపించండి, అక్కడి అత్యవసర నంబరు 112. మీ మనసు బరువెక్కినప్పుడు ఇక్కడ 14416 కు ఫోను చేయవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉచిత సేవ, మన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దానికి తోడుగా ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆయన్ను వచ్చేయమనాలా అని అడిగారు. ఆరోగ్యం అదుపులో ఉన్నంతవరకు ఆ నిర్ణయం ఈ జనవరిలో తీసుకోవద్దు. డిసెంబరు నెలాఖరులో స్టుట్‌గార్ట్‌లో సూర్యుడు ఉదయం 8 దాటాక వచ్చి సాయంత్రం 4:30 ప్రాంతంలో వెళ్లిపోతాడు. చీకట్లో ఆఫీసుకు వెళ్లి చీకట్లో గదికి వచ్చే మనిషికి, పైగా ఆదివారం దాదాపు దుకాణాలన్నీ మూసి ఉండే ఊళ్లో, ఇదే మొదటి చలికాలం. ఈ దశలో ఏ ఊరైనా పరాయిదిగానే ఉంటుంది. మరో లెక్క కూడా ఉంది. బ్లూ కార్డ్ మీద 27 నెలలు పనిచేసి పెన్షన్ చందా కట్టినవారు ప్రాథమిక స్థాయి జర్మన్ వస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు, అంతకంటే పైదైన బి1 స్థాయి వస్తే 21 నెలలకే చేయవచ్చు. ఆ కార్డు కోసం మనిషి నలిగిపోనక్కరలేదు గానీ, దారిలో ఎంత దూరం వచ్చారో తెలిసి నిర్ణయించుకోవడం వేరు, ఒక చెడ్డ రాత్రి చూసి నిర్ణయించుకోవడం వేరు. మీరంతా కలిసి ఒక వేసవి గడిపాక, వచ్చే శరదృతువులో ఈ ప్రశ్నను మళ్లీ ముందు పెట్టుకోండి.

మీరు వెళ్లడం మంచిదే, కానీ వెంటనే కాదు. మార్చిలో పాప యూకేజీ ముగుస్తుంది, మీ పరీక్షల పనీ తీరుతుంది. ఏప్రిల్ లేదా మే నెలలో బయలుదేరితే వెలుతురున్న రోజుల్లో అడుగుపెడతారు. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో జూన్ 30 లోగా 6 ఏళ్లు నిండే పిల్లలు ఆ సెప్టెంబరులో తప్పనిసరిగా బడిలో చేరాలి. జర్మన్ రాని పిల్లలకు సన్నాహక తరగతులు ఉన్నాయి. అయినా బడికి ముందు ఆటస్థలంలో నాలుగు నెలలు దొరకడం పాపకు చాలా మేలు. ఈలోగా మీవారు ఒంటిగది వదిలి కుటుంబానికి సరిపడే ఇల్లు వెతకాలి. ఆ నగరంలో ఇల్లు దొరకడం కష్టమే, ఇప్పుడే మొదలుపెట్టమనండి. మీకోసం వెతికే పని చేతిలో ఉంటే ఆయనకూ కాలు నిలుస్తుంది.

మీ ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. బ్లూ కార్డ్ ఉన్నవారి భార్యకు అక్కడ ఏ ఉద్యోగమైనా చేసే హక్కు ఉంటుంది, వీసాకు భాషా పరీక్ష కూడా అడగరు. కానీ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు కావాలంటే మీ డిగ్రీని ఆ రాష్ట్రం గుర్తించాలి, జర్మన్ భాష చాలా పై స్థాయిలో రావాలి. అది ఏళ్ల మాట. వెళ్లగానే చాక్‌పీసు చేతికొస్తుందన్న ఆశతో వెళ్తే, ఈరోజు మీవారు పడుతున్న చిన్నబోవడమే రేపు మీదవుతుంది. కాబట్టి రాజీనామా ఇవ్వకుండా, మీ యాజమాన్యాన్ని ఏడాది జీతం లేని సెలవు అడిగి చూడండి. బెంగళూరులో మనం కన్నడం సరిగా రాకపోయినా తెలుగుతోనే కూరగాయల బండి దగ్గరి నుంచి బ్యాంకు దాకా నెట్టుకొస్తాము, ఆ వెసులుబాటు అక్కడ ఉండదు. ఈ నెలలోనే ఇందిరానగర్‌లోని మాక్స్ ముల్లర్ భవన్‌లో ప్రాథమిక జర్మన్ తరగతుల గురించి విచారించండి. వారాంతాల్లో మీవారూ మీరూ ఫోనులో ఒకే పాఠం చదువుకుంటే ఆయనకూ పట్టుదల వస్తుంది. లెక్కల టీచరుగా మీకు అక్కడి మనవాళ్ల పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పే వీలు ఉండవచ్చు, కానీ డబ్బు తీసుకుని చెప్పేముందు అక్కడి నమోదు, పన్ను నిబంధనలు తెలుసుకోండి.

అత్తగారూ మామగారి విషయం మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, మీ ప్రయాణం మాట ఎత్తగానే ముందుకు వచ్చేది అదే. వాళ్లు ఈ ఇంట్లోనే ఉంటారా, హిందూపురం వెళ్తారా, మందులు, ఆసుపత్రి ఎవరు చూస్తారు అన్నవి కోడలి నోటి నుంచి వస్తే విడదీస్తోందని వినిపిస్తుంది, కొడుకు నోటి నుంచి వస్తే ఏర్పాటుగా వినిపిస్తుంది. ఈ ఆదివారం వీడియో కాల్‌లో పెద్దవాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, ‘మీకు ఎక్కడ బాగుంటుంది’ అని ఆయన్నే అడగమనండి. మీరు పక్కనే కూర్చుని, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.